అన్న సమాధి ఏది

మొన్న శనివారం మొయినాబాద్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి పోయి సున్నపు రాళ్ళు కావాలని అడిగాను. కౌంటర్ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఫోన్‌లోంచి తలెత్తి, అది ఏ కంపెనీది ఆంటీ అన్నాడు. కంపెనీది కాదు నాయనా, నీళ్ళు పోస్తే కుతకుత ఉడికే రాళ్ళు, గోడలకు కొట్టుకునేవి అని చెప్పాను. వాడు లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ బకెట్ మోసుకొచ్చి, ఇది రెండు పూతలు వేస్తే ఏళ్ళ తరబడి చూడక్కర్లేదు అన్నాడు. ఈస్టర్‌కు ముందురోజు ఎవరినీ తిట్టకూడదని నియమం పెట్టుకున్నాను కాబట్టి నోరు మూసుకుని ఆ బకెట్టే కొన్నాను. ఇంటికి తెచ్చి మూత తీస్తే తెల్లగానే ఉంది కానీ సున్నం వాసన లేదు. ఆ వాసన లేకపోయేసరికి నాకు ఒక ఏడాది గుర్తొచ్చింది, ఇక ఆ రోజు మిగతా పనులేవీ చేతికి రాలేదు.

మా చిన్నప్పుడు ఈస్టర్ సున్నం వాసనతోనే మొదలయ్యేది. శనివారం పొద్దున వాడలో ప్రతి ఇంటి ముందూ ఒక పాత కుండలో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోసేవారు. బుసబుసమని పొంగి, ఆవిరి లేచి, ముక్కు మండేది. కండ్లు పోతాయి, దగ్గరికి రావద్దని పెద్దవాళ్ళు అరిచేవారు కాబట్టి మేం తప్పకుండా దగ్గరికి పోయేవాళ్ళం. చల్లారాక ఇంత నీలిమందు కలిపి, ఎవరి సమాధులకు వాళ్ళు వెల్ల వేసుకుని వచ్చేవారు. మర్నాడు తెల్లవారకముందే అందరం తెల్ల బట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని, పాడుకుంటూ సమాధుల దగ్గరికి పోయేవాళ్ళం. అక్కడ అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, క్రీస్తు లేచెను అంటే అందరం నిజముగా లేచెను అని బదులు చెప్పాలి. తర్వాత గుడికి వచ్చి ఆరాధన, ఆరాధన అయ్యాక గుడి ముందు పెద్ద గంగాళంలో ఉప్మా, చాయ్. పునరుత్థానానికీ ఉప్మాకూ ఏదో విడదీయరాని సంబంధం ఉందని నేను చాలా రోజులు నమ్మాను.

మా ఊరు మొయినాబాద్ దాటాక చేవెళ్ళ రోడ్డు మీంచి లోపలికి ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే గోడల మధ్య వెతుక్కోవాలి. సమాధుల తోట ఊరి చివర వాగు ఒడ్డున ఉన్నది. తోట అని మేం పెట్టుకున్న పేరే తప్ప అక్కడ ఉన్నవి తుమ్మచెట్లు. అక్కడికి పోవాలంటే పటేలు గారి జొన్నచేను గట్టు మీంచి పోవాలి. మా తాతల నాటినుంచి శవాలు ఆ గట్టు మీదనే పోయేవి, ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

మా బాపు సంఘ పెద్ద. గుడి తాళాలు, గుడి గంట, పిల్లల అల్లరి మీద కోపం, అన్నీ ఆయనవే. అమ్మది నవ్వు ముఖం. నాకు ఒక్కడే అన్న. అన్నకూ ఎదురింటి పెద్దమ్మ కొడుకుకూ ఒకటే జత. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ. భర్త లేని మనిషి, ఆ కొడుకే ఆమెకు లోకం. ఆ ఇద్దరు మొగపిల్లలు కలిసి చెయ్యని ఎదవ పని లేదు. ఒకసారి ఎర్రటి ఎండలో గుడి గంట కొట్టి పారిపోయారు. ఎవరో చచ్చిపోయారనుకుని చేలల్లోంచి జనం ఉరికొచ్చారు. బాపు ఇద్దరినీ వెతికి పట్టుకుని గంట తాడుతోనే వాయించాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మా ఇంటి వెనక కూర్చుని, వీపులు చూపించుకుని, ఎవరికి ఎక్కువ వాతలు పడ్డాయో పోటీ పెట్టుకున్నారు. తీర్పు చెప్పమని నన్ను పిలిస్తే అన్న మీద కోపంతో ఆ పిల్లవాణ్ణి గెలిపించాను.

ఆ ఏడు దసరా దాటినా వానలు ఆగలేదు. ఊరంతా జ్వరాలు. అమ్మ నిండు నెలలతో ఉన్నది, నొప్పులు ముందే మొదలైతే చేవెళ్ళ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఆపరేషన్ చేసి తమ్ముణ్ణి బయటికి తీశారు. అదే సమయంలో ఇంట్లో అన్న జ్వరంతో కాలిపోతున్నాడు. మా నాయనమ్మను, మేం అవ్వ అని పిలిచేవాళ్ళం, అమ్మ దగ్గర ఉంచి బాపు అన్నను పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగి కిరాయి జీపులో తెచ్చాడు. జీపు వాడలోకి మెల్లగా రావడం చూసి నాకు అర్థమైంది. ఆ వారంలోనే పెద్దమ్మ కొడుకు కూడా పోయాడు, అదే జ్వరం.

అన్నను వానలోనే మట్టి చేశారు. వాగు పొంగుతున్నదని ఆడవాళ్ళనూ పిల్లలనూ గుడి దగ్గరే ఆపేశారు. బాపు మాత్రం వెళ్ళాడు కానీ పెట్టెను గుంతలోకి దించకముందే స్పృహ తప్పి పడిపోతే ఇద్దరు మోసుకొచ్చి గుడి అరుగు మీద పడుకోబెట్టారు. గుంత తవ్వింది మా మామ, అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. అమ్మకు చెప్పవద్దని పెద్దలంతా అనుకున్నారు. పచ్చి బాలింత, కుట్లు మానలేదు, వింటే ప్రాణం మీదికి వస్తుంది అన్నారు. వాళ్ళన్నది తప్పని ఇప్పటికీ అనలేను, ఒప్పని అసలే అనలేను.

అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని ఆటో దిగుతూనే పెద్దోడేడి అని అడిగింది. శంకర్‌పల్లిలో మేనత్త ఇంటికి పంపామని అవ్వ చెప్పింది. ఇంట్లో బాలింతకు పెట్టే కాయం వాసన, వెల్లుల్లి వాసన, సాంబ్రాణి పొగ. వచ్చేపోయే ఆడవాళ్ళు పిల్లవాణ్ణి చూసి నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకునేవారు. అమ్మ పిచ్చిది కాదు. కొన్నాళ్ళకు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు ఇద్దరూ వచ్చి మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు. అమ్మ మొత్తం విన్నది, ఏడవలేదు. అందరూ కలిసి అబద్ధం చెప్పినవాళ్ళు ఇప్పుడు కలిసి నిజం చెప్తున్నారని నేనెట్ల అనుకోవాలె అని అడిగింది.

అప్పటినుంచి ఇంట్లో ఒక రకమైన భయం మొదలైంది. అమ్మ వంట చేసేది, పిల్లవాడికి పాలిచ్చేది, అన్నం పెట్టేటప్పుడు అన్న కంచం కూడా పెట్టేది. తినేవాళ్ళు లేక ఆ అన్నం అట్లాగే ఉంటే, సాయంత్రం తీసి కోళ్ళకు వేసేది. బాపు ఒకసారి ఆ కంచం దాచేశాడు. అమ్మ తన కంచంలో అన్నం అక్కడ పెట్టి తాను తినడం మానేసింది. రెండో పూట బాపే కంచం తెచ్చిపెట్టాడు. క్రిస్మస్‌కు మా ఇంటి మీద నక్షత్రం కట్టలేదు, పాటల బృందం మా గుమ్మం ముందు గొంతు తగ్గించుకుని దాటిపోయింది. తమ్ముడికి బాప్తిస్మం ఇప్పించలేదు, పేరు పెట్టలేదు. పెద్దోడు రానీ, వాడే పెడతానన్నాడు పేరు, అనేది అమ్మ. పాలు తగ్గిపోయి పిల్లవాడు రోజంతా గుక్కపెట్టేవాడు. మతి తప్పుతున్నదని అరుగుల మీద గుసగుసలు నాకు వినబడేవి. నిజంగానే తప్పుతుందేమోనని నేను బడి నుంచి ఉరుకుతూ వచ్చి ముందు అమ్మ ముఖం చూసేదాన్ని.

ఆ చలికాలంలోనే పటేలు కొడుకులు జొన్నచేను పట్నం ఆయనకు అమ్మేశారు. అప్పుడప్పుడే అజీజ్‌నగర్ వైపు నుంచి ఫామ్‌హౌజ్‌లు మా దాకా పాకుతున్నాయి. చూస్తుండగానే చేను చుట్టూ గోడ లేచింది, గట్టు ఉన్నచోట ఇనుప గేటు పడింది. వాగు వైపు నుంచి రావాలంటే ముళ్ళకంచె. ఆ గేటుకు వాచ్‌మన్‌గా కుదిరింది మా మామే. కొత్తగా పెళ్ళయింది, పొలం లేదు, లోపల ఉండడానికి రేకుల గది ఇస్తామన్నారు, కుదిరాడు. అయినా బాపుకు అది సహించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురిలో, సచ్చినోళ్ళకు తాళం వేసి కూర్చున్నవాడు ప్రభు బల్ల ముట్టవద్దు అన్నాడు, అంటే రొట్టె, ద్రాక్షారసం అతనికి లేవని. మామ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ గుడికి రాలేదు, మా ఇంటికీ రాలేదు.

ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు వచ్చాయి. ఆ నలభై రోజులూ సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు పెట్టుకోవడం మా వాడకట్టు అలవాటు. మా ఇంటి వంతు వచ్చిన రోజు చాప పరిచి, అందరూ కూర్చుని పాడుతుంటే, గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ లేచి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. పాట ఆగిపోయింది. అమ్మ బాపు ఒక్కడితోనే మాట్లాడింది.

"ఈస్టర్ నాడు నన్ను తీస్కపోయి సూపియ్యి. వాడు ఆడ ఉన్నడని నా కండ్లతోటి సూస్తె, అప్పుడు మీరు చెప్పేదంత వింట. సూపియ్యకుంటె వాడు ఏడనో ఉన్నడనే ఉంట."

పాలిచ్చే తల్లి పసిగుడ్డును తీసుకుని సమాధుల మధ్యకు పోవద్దని అవ్వ గొణిగింది కానీ ఎవరూ వినిపించుకోలేదు. అయ్యగారి ముఖంలో వెలుగు వచ్చింది. నేను బాపు ముఖం చూశాను. అది సంతోషపడ్డ ముఖం కాదు, భయపడ్డ ముఖం.

ఆ భయం ఎందుకో ఆ రోజే తెలిసింది. ప్రార్థన అయ్యాక అందరికీ శనగ గుగ్గిళ్ళు పంచుతున్నారు. నేను రెండోసారి పెట్టించుకుందామని పందిరి వెనక నుంచి వస్తుంటే, బాపు అయ్యగారిని పక్కకు తీసుకుపోయి మాట్లాడుతున్నాడు.

"అయ్యగారూ, ఆడ రెండు దిబ్బలున్నయి. ఏది నా కొడుకుదో నాకు తెల్వదు."

గుగ్గిళ్ళ సంగతి మరిచిపోయాను. మట్టి చేసిన రోజు తాను చూడలేదని, తర్వాత వాగు పొంగి కర్ర సిలువలు కొట్టుకుపోయాయని, నీళ్ళు తీశాక పోయి చూస్తే రెండు దిబ్బలు పక్కపక్కన ఒక్క తీరుగా ఉన్నాయని, ఏది ఎవరిదని అడగడానికి సిగ్గుపడి ఇన్ని నెలలు ఊరుకున్నానని బాపు చెప్తున్నాడు. నీ బామ్మర్దికి తెలుస్తుంది, అడుగు అన్నారు అయ్యగారు. అంత మాటన్నాక వాని గేటు ముందు పోయి ఎట్ల నిలవడాలె అన్నాడు బాపు. కుడివైపుది చూపిస్తా, ఆమె మనసు కుదుటపడుతుంది, అదే చాలు అన్నాడు. సమాధి దగ్గర, అదీ ఈస్టర్ నాడు, భార్యకు అబద్ధం చెప్పకు అన్నారు అయ్యగారు.

నాకు చాలా కోపం వచ్చింది. బాపు మీద, మామ మీద, వాగు మీద, చనిపోయినందుకు అన్న మీద కూడా. కోపం వస్తే నేను ఊరుకునే రకం కాదు. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి కాబట్టి మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా గేటు దగ్గరికి పోయాను. దూడలంత కుక్కలు రెండు గేటు మీదికి దూకాయి. లోపల జొన్నచేను లేదు, పచ్చగా కత్తిరించిన గడ్డి ఉన్నది, నీలం రంగు నీళ్ళ తొట్టి ఉన్నది. పెద్దమ్మ ఆ గడ్డికి పైపుతో నీళ్ళు పడుతున్నది. ఆమె అక్కడ కూలికి పోతున్నదని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నది.

మామ ఖాకీ చొక్కాలో గేటు కాడికి వచ్చాడు. నేను ముందూ వెనకా చూడకుండా, ఈస్టర్ నాడు అమ్మ వస్తున్నది, గేటు తీస్తావా తీయవా అని అడిగాను.

"సార్ శనారం వస్తున్నడు బిడ్డా, దోస్తులతోటి. ఆయన ఉండంగ తీస్తే నా నౌకరి పోతది."

అట్లయితే ఏది మా అన్నదో అదన్నా చెప్పమన్నాను. బాపుకు తెలియదని, అమ్మకు ఏదో ఒకటి చూపిస్తాడని చెప్పాను. మామ చేతులు గేటు కమ్మీల మీద బిగుసుకున్నాయి. కుక్కల్ని కసిరాడు, మళ్ళీ నా వైపు చూశాడు. అక్కకు నేనే చెప్తా, నువ్వు ఇంటికి పో అన్నాడు. అతనికి తెలుసు, కాకపోతే బాపు మీద పంతంతో నాకు చెప్పడం లేదని అనుకుంటూ వెనక్కి వచ్చాను. గేటు తీస్తాడో లేదో మాత్రం అతని ముఖం చూసి కనుక్కోలేకపోయాను.

శనివారం వాడంతా సున్నం ఉడికింది కానీ ఎవరూ వెల్ల వేయడానికి పోలేదు, గేటుకు తాళం. కుండలు అట్లాగే మూతలు పెట్టి ఉంచారు, పొద్దున్నే మోసుకుపోదాం, తీస్తే తీశాడు లేకుంటే లేదు అనుకున్నారు. కుర్రవాళ్ళు తాళం పగలగొడదామన్నారు. పోలీసు కేసు అవుతుందని పెద్దవాళ్ళు ఆపారు. సాయంత్రం మూడు కార్లు దుమ్ము లేపుకుంటూ ఫామ్‌హౌజ్‌లోకి పోయాయి. అమ్మ మాత్రం తల స్నానం చేసి, పెట్టెలోంచి తెల్ల చీర తీసి మడత విప్పి దండెం మీద వేసింది. బాపు అన్నం ముద్ద కలిపి, కలిపి, చెయ్యి కడుక్కున్నాడు.

కోడి కూయకముందే గుడి గంట మోగింది. వాడంతా తెల్ల బట్టల్లో బయలుదేరింది. ముందు అయ్యగారు, వెనక లాంతర్లు, కొవ్వొత్తులు, సున్నం కుండలు మోసేవాళ్ళు. అమ్మ తమ్ముణ్ణి కొంగులో చుట్టుకుని నడుస్తున్నది, అన్ని నెలల్లో ఆమె ఇల్లు దాటడం అదే మొదలు. నేను ఆమె చీర అంచు పట్టుకున్నాను. ఏటా ఈస్టర్‌కు పాడే పాటే పాడుతున్నారు కానీ గేటు దగ్గరపడేకొద్దీ గొంతులు సన్నబడి, చివరికి అయ్యగారి గొంతు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ ఆగింది.

గేటు మూసే ఉన్నది. కుక్కలు ఒకటే మొరుగుడు. లోపల కార్లు, రాత్రి కాల్చిన బొగ్గుల వాసన. గేటు అవతల మామ నిలబడి ఉన్నాడు. బాపు అతణ్ణి చూసి తల దించుకున్నాడు. అడగాల్సినవాడు అడగలేదు, తీయాల్సినవాడు తీయలేదు. అమ్మ జనంలోంచి ముందుకు పోయి గేటు మీద చెయ్యి పెట్టింది.

"తమ్మీ, తియ్యి."

మామ జేబులోంచి తాళంచెవి తీశాడు. అది ఒకసారి కింద పడితే వంగి ఏరుకున్నాడు. గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి, కుక్కల్ని గొలుసులకు కట్టి, టార్చి వేసుకుని మా ముందు నడిచాడు. మేడ మీద లైటు వెలిగింది. సారు లుంగీ మీద బయటికి వచ్చి ఎవరది, ఏంటిదంతా అని అరిచాడు. మావాళ్ళు సార్, మా సచ్చినోళ్ళ దగ్గరికి పోతున్నరు అని మామ నిలబడి చెప్పాడు. అన్ని కొవ్వొత్తులు తన గడ్డి మీంచి పోతుంటే సారు చూస్తూ నిలబడిపోయాడు. ఆ నెల తిరగకముందే మామను పనిలోంచి తీసేశాడనుకోండి, అది తర్వాతి సంగతి.

సమాధుల తోటలో గడ్డి ఎండిపోయి ఉన్నది. ఎవరి సమాధుల దగ్గరికి వాళ్ళు పోకుండా అందరూ మా చుట్టూనే ఆగారు. వాగు వైపు చివర, పక్కపక్కన, రెండు చిన్న మట్టి దిబ్బలు. అమ్మ వాటి ముందు ఆగి బాపును చూసింది.

"ఏది?"

బాపు చెయ్యి లేపాడు. కుడివైపుకు సగం దాకా పోయింది ఆ చెయ్యి. అక్కడే ఆగి కిందికి జారిపోయింది. అప్పుడు అమ్మ మామ వైపు తిరిగింది, నేనూ తిరిగాను. చెప్పు, చెప్పు అని లోపల మొక్కుకుంటున్నాను. ఏదో ఒకటి చెప్పినా చాలనుకున్నాను, అంత భయం వేసింది నాకు అమ్మను చూస్తే.

"అక్కా, నాకు గూడ తెల్వదు," అన్నాడు మామ. "మొదటి దిబ్బ నేను పోసిన. ఆ రాత్రే వాగొచ్చి సాపు జేసింది. రెండో పిల్లగాణ్ణి వెట్టిననాడు నేను చేవెళ్ళల నీ కాడున్న. తవ్వినోళ్ళు పక్కకే తవ్వినం అన్నరు, ఏ పక్కకో వాళ్ళకే యాదికి లేదు. నీళ్ళు తీసినంక మన్ను కుంగిన కాడ మళ్ళ రెండు దిబ్బలు నేనే పోసిన. నీకు అబద్ధం చెప్పలేనక్కా."

తూర్పున తెల్లబడుతున్నది, అయ్యగారు చెప్పాల్సిన మాట చెప్పే వేళ దాటిపోతున్నది. అమ్మ ముఖంలో ఏమీ లేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి, నా కొడుకు ఇక్కడ లేడు అంటుందని, ఇక జన్మలో మాకు దక్కదని నాకు అనిపించింది.

జనంలోంచి పెద్దమ్మ వచ్చింది. ఆమె చెంగులో కట్టుకున్న బంతిపూలు ఉన్నాయి.

"నాకు గూడ తెల్వదు చెల్లె, నన్ను గూడ గుడి కాడనే ఆపిండ్రు," అన్నది. "ఫామ్‌హౌజుల పనికి వచ్చిననాడల్లా కంచె సందుల నుంచి వచ్చి రెండింటి మీద పెడుతున్న. ఒకని మీద పెట్టి ఇంకొకని మీద ఎట్ల పెట్టకుంట?"

పెద్దమ్మ పూలు రెండు భాగాలు చేసి ఒక భాగం అమ్మకు ఇచ్చింది. అమ్మ ఆ పూలతోనే రెండు దిబ్బల మధ్య సందులో కూలబడి, తమ్ముణ్ణి అక్కడే మట్టిలో పడుకోబెట్టింది. అవ్వ అయ్యో అంటూ ముందుకు వస్తే బాపు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. అమ్మ ఒక చెయ్యి ఈ దిబ్బ మీద, ఒక చెయ్యి ఆ దిబ్బ మీద వేసి ఏడ్చింది. ఆ ఏడుపు ఎట్లా ఉన్నదో నేను రాయలేను. అన్ని నెలలది ఒక్కసారే వచ్చింది. పెద్దమ్మ పక్కన కూర్చుని ఏడువు చెల్లె, ఏడువు అంటూ వీపు నిమిరింది. నేను కూడా ఏడ్చాను, అప్పటిదాకా నాకు ఏడ్చే వీలే చిక్కలేదు.

మామ ఎవరి కుండలోంచో సున్నం తీసుకుని ఒక దిబ్బ చుట్టూ పూయడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి బాపు రెండో కుంచె తీసుకుని రెండో దిబ్బకు పూశాడు. అది అయ్యాకనే అయ్యగారు గొంతు సవరించుకుని క్రీస్తు లేచెను అన్నారు. జనం బదులు చెప్పారు. మా అమ్మ పెదవులు కదిలాయో లేదో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ పడింది. బాపు వెనకబడి నడుస్తున్నాడు. గేటు దాటాక ఇక ఓర్చుకోలేక, దారి మీదనే అమ్మ ముందు నిలబడి, కన్నకొడుకును ఎక్కడ పెట్టిన్రో చూసుకోని తండ్రిని, నన్ను క్షమించు అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సంఘ పెద్దను అట్లా చూడలేక జనం పక్కకు తప్పుకుని నడిచారు. అమ్మ తమ్ముణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది.

"నీకు తెల్వకుంటె ఏమాయె, నాకు తెల్వకుంటె ఏమాయె," అన్నది. "లేచేనాడు వానికి తెల్వదా వాని తల్లి ఎవరో? వాడే ఉరికొస్తడు. మనం ఏలు వెట్టి సూపిచ్చే పని లేదు."

ఆ పొద్దున తమ్ముడికి బాప్తిస్మం ఇచ్చారు, పేరు అమ్మే చెప్పింది. ప్రభు బల్ల దగ్గర బాపు వెనక వరుసకు పోయి, మా వెంటే గుడికి వచ్చిన మామ చెయ్యి పట్టి లాక్కొచ్చి తన కంటే ముందు మోకరింపజేశాడు. మామ నౌకరి పోయాక కొన్నాళ్ళు కష్టపడి, తర్వాత చేవెళ్ళ రోడ్డు మీద ఆటో నడుపుకున్నాడు. ఊరివాళ్ళంతా పంచాయితీలో గట్టిగా కూర్చుంటే గోడ పక్కన ఒక బాట వదిలారు. అమ్మ బాధ ఆ రోజుతో తీరిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. వానాకాలం వస్తే ఆమె మాట తగ్గిపోయేది, జ్వరం అన్న మాట వింటే చేతిలో పని వదిలేసేది. కానీ ఆదివారాలు గుడికి వచ్చేది, పెద్దమ్మ పక్కన కూర్చునేది, పాడేది.

ఇప్పుడు అమ్మ లేదు, పెద్దమ్మ లేదు. ఇద్దరినీ ఆ రెండు దిబ్బలకు చెరోపక్క పెట్టాం. ఎవరిని ఏ పక్క పెట్టాలని ఆ రోజు మగవాళ్ళు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు, నాకు లోపల నవ్వొచ్చింది. నేను కూడా నా వాళ్ళను కొందరిని మట్టిలో పెట్టాను, చావు ఇళ్ళల్లో పెట్టే ఆదరణ కూడికల్లో ఎంతోమంది చెప్పిన ప్రసంగాలు విన్నాను, చాలావాటికి నిద్రపోయాను. నాకు దుఃఖం గొంతుదాకా వచ్చినప్పుడు పనికొచ్చేది మాత్రం దారి మీద అమ్మ అన్న ఆ మాటే. ఇద్దరు మొగపిల్లలు లేస్తారు, ఒంటి మట్టి దులుపుకుంటారు, ఒకడు ఇటు, ఒకడు అటు ఉరుకుతారు. ఏది అని అమ్మ ఎవరినీ అడగదు.